పేజీ అడుగున వేసిన కవితలు

నార్టన్ సంస్థ 2013లో ‘హైకూ ఇన్ ఇంగ్లీష్: ద ఫస్ట్ హండ్రెడ్ ఇయర్స్’ అనే సంకలనం వేసింది. అమెరికా ఆస్థానకవిగా పనిచేసిన బిల్లీ కాలిన్స్ దానికి ముందుమాట రాశాడు. ఆ ముందుమాట కోసమే పుస్తకం కొన్నాను. కొన్నాక కూడా కవితల జోలికి పోకుండా ముందు పేర్లు చూసుకున్నాను. ఎజ్రా పౌండ్ ఉన్నాడు, రిచర్డ్ రైట్ ఉన్నాడు, జాక్ కెరువాక్ ఉన్నాడు. ఇంతమంది పెద్దవాళ్ళు రాశారంటే ఇదీ కవిత్వమే అయ్యుంటుందిలే అనుకున్నాను. అప్పటికే ఏళ్ళ తరబడి పత్రికలో సాహిత్యం పేజీ చూస్తున్నవాణ్ణి. చదివి తేల్చుకోవలసిన సంగతిని అట్ట మీది పేరు చూసి తేల్చేశాను. ఎంత తెలివితక్కువ పని!

రిచర్డ్ రైట్ అంటే నాకు ‘నేటివ్ సన్’, ‘బ్లాక్ బాయ్’. మిసిసిపీలో పుట్టి, నల్లవాడిగా పడ్డ అవమానమంతా పుస్తకాల్లోకి ఎక్కించినవాడు. అలాంటి మనిషి చివర్లో హైకూలు రాశాడని తెలిస్తే, జబ్బు మనిషి కాలక్షేపం అనుకుని పక్కన పెట్టాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పారిస్‌లో అమీబా జబ్బు ఆయన్ని పీల్చేస్తోంది. 1959లో తల్లి చనిపోయింది. ఆర్. హెచ్. బ్లైత్ నాలుగు సంపుటాల్లో జపాను హైకూలకు చేసిన ఇంగ్లీషు అనువాదాలు ఆయన చేతికొచ్చాయి. ఇక ఆగలేదు. ఏడాదిన్నర లోపే సుమారు 4000 హైకూలు రాశాడు. ఎండ కూడా రాని తన చిన్న గదిలో కడ్డీలు కట్టి, కాగితాలను ఆరేసినట్టు వాటి మీద వేలాడదీసేవాడని కూతురు జూలియా రాసింది. అందులోంచి 817 ఏరి, ప్రతి తయారుచేసి పంపితే ప్రచురణకర్త తిప్పి పంపాడు. 1960 నవంబరు 28న, 52 ఏళ్ళకే రైట్ వెళ్ళిపోయాడు. ‘హైకూ: దిస్ అదర్ వరల్డ్’ అచ్చయింది 1998లో. ముప్పై ఎనిమిదేళ్ళు అవి పుస్తకంగా అచ్చు ముఖం చూడలేదు.

అవి వరసగా చదివితే తెలుస్తుంది. ఆయన వదిలేసి వచ్చిన పల్లె వానలూ పొలాలూ దిష్టిబొమ్మలూ అందులోకి తిరిగొచ్చాయి. ‘బ్లాక్ బాయ్’లో ఆకలితో చూసిన నేలనే ఇక్కడ ప్రేమతో చూశాడు. కాలక్షేపానికి ఎవరూ అంత పని చేయరు. నాలుగు వేలు రాసి మూడు వేలకు పైగా పక్కన పెట్టగలగడం చిన్న శ్రమ కాదు.

నా రెండో తప్పు లెక్క పెట్టడం. మూడు పాదాలకీ అక్షరాలు అయిదు, ఏడు, అయిదు. వేళ్ళు ముడుచుకుంటూ చదివేవాణ్ణి, ఒకటి తగ్గితే హైకూ కాదని కొట్టిపారేసేవాణ్ణి. ఛందస్సు చదువుకున్న తెలుగువాడికి రాకూడని పొరపాటు ఇది. జపాను వాళ్ళు లెక్కపెట్టేది మన మాత్రల్లాంటివాటిని. మనం ‘టోక్యో’ అని రెండక్షరాల్లో పలికే పేరు వాళ్ళ లెక్కలో నాలుగు. దీర్ఘానికి రెండు, అచ్చు తోడు లేని అనునాసికానికి విడిగా ఒకటి. ఆ పదిహేడు చాలా కొంచెం. అదే పదిహేడు ఇంగ్లీషు సిలబుల్స్‌లో పెడితే కవిత బరువెక్కిపోతుంది, కవి చోటు నింపడానికి విశేషణాలు వెతుక్కుంటాడు. అందుకే ఇంగ్లీషులో హైకూ రాసేవాళ్ళలో చాలామంది లెక్క వదిలేసి, రెండు దృశ్యాల మధ్య విరుపు మీద మనసు పెట్టారు. రైట్ మాత్రం లెక్క తప్పలేదు. రెండు దారుల్లోనూ మంచి కవితలున్నాయి, లెక్కబెట్టే వేళ్ళకి మాత్రం అవి అందవు.

ఇంతకీ ఆ సంకలనంలో నేను దాటేసిన పేర్లలో నిక్ వర్జీలియో ఒకటి. న్యూజెర్సీలోని కామ్డెన్ ఊరివాడు, రేడియోలో పనిచేసినవాడు. 1960ల మొదట్లో అక్కడి రట్గర్స్ గ్రంథాలయంలో జపాను హైకూల పుస్తకం ఒకటి దొరికి ఈ దారి పట్టాడు. తమ్ముడు లారీ 1967లో వియత్నాం యుద్ధంలో చనిపోయాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ తమ్ముడి కోసం రాస్తూనే ఉన్నాడు. ఒక్కో హైకూ ఊపిరి తీసి వదిలేలోగా అయిపోతుంది, దుఃఖం మాత్రం తరవాతి దాంట్లోకి పాకుతుంది. ఇరవై ఏళ్ళ ఎలిజీ అది. 1989లో టీవీ ఇంటర్వ్యూ రికార్డింగులో ఉండగా గుండె ఆగి పోయాడు. కామ్డెన్‌లో వాల్ట్ విట్మన్ సమాధి ఉన్న శ్మశానంలోనే ఆయన్నీ పెట్టారు. నాకు తెలియని పేరని ఇంత మనిషిని పేజీ తిప్పి దాటేశాను.

అసలు చెప్పుకోవలసింది ఇంకా ఉంది. మా పేజీకి వచ్చిన హైకూలను నేను ఫిల్లర్లుగా వాడేవాణ్ణి. వ్యాసం నాలుగు లైన్లు తగ్గితే అడుగున ఒక హైకూ. జాగా మరీ తగ్గితే మూడు పాదాలనీ కలిపి రెండు లైన్లు చేసేవాణ్ణి. ఒక కుర్రాడు పంపిన హైకూకి, అర్థం కాదేమోనని శీర్షిక కూడా తగిలించాను. ఆ శీర్షికలో అతను చివరి పాదం దాకా దాచిపెట్టుకున్న మాట ఉంది. అతను మళ్ళీ ఏమీ పంపలేదు. ఇస్మాయిల్ గారి కవిత్వాన్ని ప్రాణంగా చదివేవాణ్ణి, ఆయన హైకూల పుస్తకం ‘కప్పల నిశ్శబ్దం’ దగ్గరికొచ్చేసరికి మాత్రం పెద్దాయన సరదా అనుకుని ఊరుకున్నాను. ఆయన చెట్లనీ పిట్టలనీ చూసే చూపే ఆ మూడు పాదాల్లో మరింత వాడిగా ఉందని తెలుసుకోవడానికి నాకు కామ్డెన్ దాకా పోవలసి వచ్చింది.

ఇంగ్లీషు హైకూకి గుర్తింపు 2013లో వచ్చిందనుకోవడం కూడా నా అజ్ఞానమే. విస్కాన్సిన్‌లోని ప్లాట్‌విల్ అనే చిన్న ఊరి నుంచి ‘అమెరికన్ హైకూ’ పత్రిక 1963లోనే మొదలైంది. న్యూయార్క్‌లో హైకూ సొసైటీ 1968లో పెట్టారు. కోర్ వాన్ డెన్ హ్యూవెల్ కూర్చిన ‘ద హైకూ ఆంథాలజీ’ 1974లో డబుల్‌డే, 1986లో సైమన్ అండ్ షుస్టర్, 1999లో నార్టన్ వేశాయి. పెద్ద ప్రచురణకర్తలు 2013కి దాదాపు నలభై ఏళ్ళ ముందే చూశారు. వాళ్ళకంటే ముందు చిన్న పత్రికలు నడిపినవాళ్ళు, మూడు పాదాలని మూడు పాదాలుగా, చుట్టూ ఖాళీ వదిలి అచ్చు వేశారు. సంపాదకుడు చేయవలసిన పని అదే, నేను చేయనిదీ అదే.

ఇప్పుడు మా పేజీలో హైకూలకు విడిగా చోటిస్తున్నాను, శీర్షిక పెట్టను. ఇంకో కోరిక ఉంది. రైట్ కాగితాలు యేల్ విశ్వవిద్యాలయంలోని బైనెకీ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆయన ఏరిన 817 పక్కన, ఏరకుండా వదిలినవి కూడా పెట్టుకుని చదవాలని ఉంది. వేటిని వదిలాడో, ఎందుకు వదిలాడో ఒక్కొక్కటే చూడాలి.