ఒంటి తరుగు

మోతె మండలంలో వడ్ల బస్తాకు కిలో తరుగు తీస్తే రోడ్డెక్కుతాం. అదే మన ఒంట్లో నెలకు కిలో తరిగితే ‘ఇంతేనా’ అని మొహం ముడుచుకుంటాం! పెళ్లినాటి బరువే కావాలట. అదీ వచ్చే శ్రావణంలోపు. బరువు తగ్గే డైట్ చెప్పే వీరమాచనేని వారి మాట విని కొబ్బరినూనె తాగి, అన్నానికి దండం పెట్టినవాళ్లలో కొందరు మిర్యాలగూడ మిల్లు సన్నబియ్యం ఉడికిన వాసనకే పాత బరువుకు వడ్డీతో సహా చేరారు. (చుట్టూ వరి పెట్టుకొని అన్నం మానడం ఎన్నాళ్లు?) అయిదడుగుల అయిదంగుళాల మనిషికి, భారతీయులకు పెట్టిన బీఎంఐ హద్దు 23 ప్రకారం దాదాపు 63 కిలోలు. 80 ఉన్నాయన ఒక్క ఉదుటున అక్కడికి పోనక్కర్లేదు. నాలుగైదు తగ్గి నిలిచినా షుగర్‌కూ బీపీకీ మేలే. సంక్రాంతి సకినాలు తిన్నాక కూడా నిలిచే అంకె ఏదో చూసి, అదే లక్ష్యంగా రాసుకోండి.