కొనే రేటు

కువైట్ ప్రయాణానికి నెల ముందే లెక్కల సారు ఒక పాత డైరీ తీశారు. రోజూ పొద్దున్నే అందులో దీనారు రేటు రాసుకునేవారు. కొడుకు ఉద్యోగం అక్కడే. కోడలికి కాన్పు వస్తే సారు భార్య ముందే వెళ్లింది. ఈయన 2024 అక్టోబరులో బయల్దేరాలి.

"దీనార్ల సంగతి ఇక్కడ నేను చూసుకుంటాలే నాయనా" అన్నాడు కొడుకు ఫోన్లో. సారు ఒప్పుకోలేదు. పరాయి దేశంలో టీ నీళ్లకు కూడా కొడుకు ముందు చెయ్యి చాచడం ఆయనకు నచ్చదు.

కడప ఏడురోడ్ల దగ్గర సాయంత్రం టీ తాగే చోట ఆ నెలంతా అదే పాఠం. "బోర్డు మీద రెండంకెలు ఉంటాయి. వాడు మనకు అమ్మే రేటు ఒకటి, మన దగ్గర కొనే రేటు ఒకటి. రెంటికీ నడుమన ఉండేది బజారు రేటు. అదీ ధర్మం రేటు. దానికి అటు జరిగినా ఇటు జరిగినా దోపిడీనే."

కువైట్ అక్కడ ఎవరికీ కొత్త కాదు. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు వైపు ఊళ్ల నుంచి రెండు మూడు తరాలుగా పోతూనే ఉన్నారు. టీ పోసే పిల్లోడి అన్న అక్కడ ఇంటి డ్రైవరు. కానీ 1961లో దీనారు పుట్టినప్పుడు దాని విలువ పదమూడు రూపాయల ముప్పై మూడు పైసలేననీ, అంతకు ముందు కువైట్ బజార్లో మన రిజర్వు బ్యాంకు అచ్చేసిన గల్ఫ్ రూపాయలే నడిచేవనీ సారు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. ఇప్పుడు 274 పైచిలుకు అంటే అందరూ నిట్టూర్చారు.

ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చుకునేవాడు వెర్రివాడు అన్నారు సారు. అక్కడ అద్దె కట్టేది మార్చేవాడు కాదు, మార్చుకునేవాడు. కార్డు గీకితే బ్యాంకు మూడున్నర శాతం దాకా లాగుతుంది. గీకాల్సే వస్తే, మిషన్ "రూపాయలా, దీనార్లా?" అని అడిగినప్పుడు రూపాయలు నొక్కితే మునిగినట్టే. విడతలు విడతలుగా మార్చుకోకూడదు. పాతిక వేల లోపు ఎంత మార్చినా జీఎస్టీ 45 రూపాయలు తప్పదు, విడత విడతకూ కట్టాలి.

ఆయన కడపలో ఇద్దరికి, మెడ్రాసులో నలుగురికి ఫోన్లు చేశారు. చివరికి ఒకడు 277కు దిగాడు. ఎనభై దీనార్లకు 22,160 రూపాయలు. పైన 45.

కువైట్‌లో నెల రోజులు గడిచాయి. తిరుగు ప్రయాణానికి ముందు రోజు జేబులో రెండు దీనార్ల 750 ఫిల్సు మిగిలాయి. దీనారుకు వంద పైసలు కాదు, వెయ్యి ఫిల్సు. వాటిని ఇంటికి తెస్తే కొనే రేటుకు అమ్ముకోవాలి. సారు ఆ ఊసే పెట్టుకోకుండా ట్యాంగ్ పొడి, ఖర్జూరాలు కొని ఆఖరి ఫిల్సు దాకా ఖర్చు చేశారు. అట్టపెట్టెకు తాడు కూడా ఆయనే బిగించారు.

ఎయిర్‌పోర్టులో పెట్టె మూడు కిలోలు ఎక్కువ తూగింది.

పది దీనార్లు కట్టాలన్నారు. కొడుకు దించేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. సారు కార్డు ఇచ్చారు. పని చేయలేదు. విదేశాల్లో వాడాలంటే ముందుగా ఆన్ చేసుకోవాలి. 2020 నుంచి ఉన్న నిబంధన అది. సారుకు అదీ తెలుసు. ఆన్ చేయాలంటే ఓటీపీ రావాలి. ఓటీపీ వచ్చే సిమ్ము కడపలో బీరువాలో ఉంది. రోమింగ్ దండగ అని తీసి పెట్టి వచ్చారు.

పర్సులో రూపాయలు ఉన్నాయి. నాలుగడుగుల దూరంలో డబ్బు మార్చే కౌంటరు ఉంది. అడిగితే పది దీనార్లకు 3,150 అన్నాడు. సారు నోటి లెక్క వేశారు. బజారు రేటు మీద 410 రూపాయలు ఎక్కువ. వెనక్కి వచ్చేశారు. ట్రాలీ పక్కన నిలబడి తాడు ముడి విప్పసాగారు.

"ఏంది సార్, ఏమైంది?"

వెనక వరసలో ఒకామె. నలభై అయిదేళ్లుంటాయి. రాయచోటి దగ్గర పల్లె. ఒక కువైటీ ఇంట్లో ఖద్దామా, అంటే పనిమనిషి. మూడేళ్లకు ఊరికి పోతోంది. సారు సంగతి చెప్పారు. రేట్ల సంగతి కూడా చెప్పారు.

"తాడు విప్పొద్దు సార్. నా కాడ ఉండాది."

పాస్‌పోర్టు కవరు లోపలి నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. పది దీనార్ల నోటు. మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. వెనక వైపు డేగ, జీను వేసిన ఒంటె. మడత గీత ఒంటె మీదుగానే పోయింది. ఆమె దాన్ని వేలితో రెండుసార్లు రుద్దింది. గీత పోలేదు.

"జీతమంతా పంపిచ్చేసినా సార్. ఇది మార్చేదానికి పెట్టుకున్నది కాదు. నా కూతురి బిడ్డ ఒంటె చూడాలంటాది ఫోన్లో. నిజం ఒంటెను తీసకపోలేను గదా అని దీన్ని పెట్టుకున్న్యా."

"మరి నీకు..."

"ఒంటె యాడికి పోతాది సార్. మళ్లీ వస్తా గదా. మెడ్రాసులో దిగినాక రూపాయలు ఇద్దురు లేండి."

"అణా పైసలతో సహా ఇస్తానమ్మా" అన్నారు సారు.

విమానంలో ఆమె దిగేటప్పుడు నింపే కాగితం ఏమన్నా ఉంటుందేమోనని భయపడింది. తన పక్క సీటు ఖాళీగా ఉంటే సారు అక్కడ కూర్చోబెట్టుకుని ధైర్యం చెప్పారు. అమ్మే రేటు, కొనే రేటు, నడుమ ధర్మం రేటు కూడా వివరంగా చెప్పారు. ఆమె అన్నిటికీ "ఔను సార్" అంది. మనిషికి తెలియకపోతే ఎట్లా మోసపోతాడో సారు చెబుతుంటే ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగి విన్నాడు.

మెడ్రాసులో సామాన్లు తీసుకుని బయటికి వచ్చే దారిలో డబ్బు మార్చే కౌంటరు కనబడింది. సారు ఆగి బోర్డు చూశారు. కువైట్ దీనారు: అమ్మకం 305, కొనుగోలు 241.

ఆమె వెనకే వచ్చింది. బయట అల్లుడు కారు తెచ్చి కాచుకుని ఉన్నాడని చెప్పింది. "ఎంతో ఒకంత ఇయ్యండి సార్, పోతా."

"అట్ల కాదమ్మా. లెక్క లెక్కే."

సారు ట్రాలీ పిడి మీద డైరీ ఆనించి పెన్ను తీశారు. పది ఇంటూ 241. కింద 2,410 వేశారు. దాని కింద ఇంకో అంకె వేసి అడ్డగీత కొట్టారు. ఆమెకు చదువు రాదు. అయినా పేజీ ఆమె వైపు తిప్పి చూపించారు.

"నువ్వే పోయి ఈ కౌంటర్లో మార్చుకున్నా, జీఎస్టీ 45 పోను ఇంతే వచ్చేది. 2,365."

"మీరు చెప్తే సరే సార్."

నాలుగు అయిదు వందల నోట్లు, నాలుగు వంద నోట్లు ఆమె చేతిలో పెట్టారు. ఆమె లెక్కపెట్టలేదు. కళ్లకద్దుకుంది. కదలబోయింది.

"ముప్పై అయిదు చిల్లరుందా అమ్మా?"

ఆమె మళ్లీ పాస్‌పోర్టు కవరు తెరిచింది. మూడేళ్ల కిందట పోయేటప్పుడు ఇదే ఎయిర్‌పోర్టులో టీ తాగితే మిగిలిన మూడు పది నోట్లు, ఒక అయిదు బిళ్ల.

సారు ఎంచుకుని, డైరీలో టిక్కు పెట్టుకున్నారు.