వలకన్ను ఎంత, లెక్క అంత

సముద్రంలో ప్లాస్టిక్ తగ్గించడానికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. వల మార్చడమే.

ఐదు మిల్లీమీటర్ల లోపు ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. నీటి పైపొరలో వాటిని పట్టడానికి పడవ వెనక కట్టి లాగే మాంటా వల కన్ను మామూలుగా 330 మైక్రాన్ల దరిదాపు ఉంటుంది. అంతకన్నా సన్నటివి దర్జాగా జారిపోతాయి. అదే చోట నీళ్లు తోడి సన్నటి వడపోత కాగితం మీద పోస్తే లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది. కనుక తెలివైన అధికారి చేయాల్సిందల్లా వలకన్ను పెద్దది చేయమని జీవో ఇవ్వడం. ఐదు మిల్లీమీటర్లు చేస్తే చాలు, కాలుష్యం దాదాపు సున్నా! చేపపిల్లలు పడతాయి, సన్నకన్ను వలలు వాడొద్దని జాలర్లకు ఎలాగూ చెబుతున్నాం. శాస్త్రవేత్తలకు మాత్రం మినహాయింపు ఎందుకు?

పైపైన లాగే వలలో తేలేవే పడతాయి. క్యారీబ్యాగుల పాలిథీన్ నీటికన్నా తేలిక, దొరికిపోతుంది. నీళ్లసీసాల పెట్, పైపుల పీవీసీ, నైలాన్ వలల తునకలు బరువు, అడుగుకు దిగిపోతాయి. బరువైనవాళ్లు లెక్కకు దొరక్కపోవడం మనకు కొత్తేమీ కాదు.

ఎప్పుడు తోడాలన్నదీ ముఖ్యమే. విశాఖలో వాన దంచికొట్టి, గెడ్డలన్నీ ఊరి చెత్తను సముద్రంలో కలిపిన మర్నాడే నమూనా తీసేవాడికి బొత్తిగా లోకజ్ఞానం లేదన్నమాట.

ఇక అంకె రాసే విద్య. లీటరుకు రెండు ముక్కలంటే ‘ఓస్, ఇంతేనా’ అంటాం. ఘనపు మీటరుకు రెండు వేలంటే పతాక శీర్షిక. రెండూ ఒకటే నీళ్లు. పత్రికా ప్రకటనకు మొదటిది, నిధులడిగే అర్జీకి రెండోది.

ప్రయోగశాలలో పడే పాట్లు చూస్తే మాత్రం జాలేస్తుంది. నాచూ జీవాలూ కరిగేందుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయాలి. చిక్కటి ఉప్పునీళ్లలో తేల్చాలి. మైక్రోస్కోపు కింద పట్టకారుతో ఏరాలి. ఏరింది ప్లాస్టికో నూలుపోగో తేలాలంటే రామన్ యంత్రమో ఎఫ్‌టీఐఆరో కావాలి. పాలిస్టర్ చొక్కాతో లోపలికి రాకూడదు. పోగు రాలితే బంగాళాఖాతం ఖాతాలో పడుతుంది. అందుకే నూలు కోట్లు, గాజు పాత్రలు. పక్కన తడి వడపోత కాగితం ఒకటి పెట్టి, గాలిలోంచి దానిమీద ఎన్ని పోగులు వాలాయో కూడా చూసుకుంటారు. తమ చొక్కా పోగును సైతం లెక్కలోంచి తీసేసే ఇంత నిజాయితీ ఇంకే శాఖ లెక్కల్లోనూ నేను చూడలేదు.

ఈ యాతనేమీ లేకుండా కొలిచే చోటు ఒకటుంది: ఫ్యాక్టరీ గేటు. ప్రపంచంలో ఏటా 40 కోట్ల టన్నులకు పైగా ప్లాస్టిక్ తయారవుతోంది. దాన్ని తూచడానికి రామన్ అక్కర్లేదు, వేబ్రిడ్జి చాలు. లోడు లోడుకూ బిల్లుంటుంది. కానీ ఆ అంకెకు కళ్లెం వేద్దామంటేనే అందరికీ మాట పడిపోతుంది. మన నిబంధనా అంతే: క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదంటుంది, ఎన్ని సంచులన్న దానికి మాత్రం హద్దు పెట్టదు.

ప్లాస్టిక్‌పై 2024 చివరికల్లా ఒప్పందం రాసుకుందామని 2022 మార్చిలో నైరోబీలో దేశాలన్నీ తీర్మానించాయి. ఆ గడువుకు బూసాన్‌లో జరిగిన చర్చల్లో కుదరలేదు. 2025 ఆగస్టులో జెనీవాలోనూ కుదరలేదు. పేచీ ముఖ్యంగా ఉత్పత్తికి పరిమితి పెట్టే దగ్గరే.