పులుసు పథ్యము

హిందూపురం చింతపండు మండీ మొదలు ధర్మవరం పట్టు మగ్గముల వఱకు, నడుమ పెనుకొండ కోట నీడను గలుపుకొని, మూత్రపిండముల వ్యాధి బయటపడిన మనుష్యునకు వైద్యుడు చీటీ వ్రాయకముందే పథ్యము నిర్ణయించు పండితులకు కొదువ లేదు. వీరి శాస్త్రమునకు మూలసూత్ర మొక్కటే: ఫారంకోడి విషము, నాటుకోడి యమృతము. పెరట్లో పురుగులేరుకొని తిన్న పుంజు కండలోని మాంసకృత్తులు రోగి కడుపున పడగనే తమ గుణమును మఱచిపోవునని వీరి విశ్వాసము కాబోలు! వండిన మాంసము నూరు గ్రాములలో మాంసకృత్తులు ఇంచుమించు 25 గ్రాములుండును. డయాలసిస్ దాక రాని అరువది కిలోల రోగికి పప్పు, పాలు, సంగటి యన్నియు గలుపుకొని దినమునకు 36 మొదలు 48 గ్రాములే మేర. ఈ లెక్కలో కోడి పెరటిదా షెడ్డుదా యను ప్రశ్నకు చోటే లేదు.

వీరి దయాగుణమునకు పరాకాష్ఠ పులుసు పథ్యము. రాగిసంగటి ముద్దలో గుంట చేసి, నూనె తేలు పులుసును గరిటెడు పోసి, “ముక్క ముట్టొద్దు నాయనా, ఒట్టి పులుసు పోసుకో, ఏం గాదు” అని పెద్దమ్మ పలుకునప్పుడు ఆమె వాత్సల్యమును శంకించుట పాపము. కాని ముక్క యుడుకునప్పుడు అందలి పొటాషియము, భాస్వరము కొంత నీటిలోనికి దిగుననియు, దినమునకు 5 గ్రాములు మించరాదని వైద్యులు మొత్తుకొను ఉప్పు ఆ నీటిలోనే కరగియున్నదనియు, టమాటా, కొబ్బెర, చింతపండు తమ పొటాషియమును దానికే సమర్పించుకొన్నవనియు ఎఱిగినవాడు ఆ గరిటెకు చేతులెత్తి మ్రొక్కి తప్పుకొనును. ఉడికించిన నీటిని పారబోసి, తోలు లేని రెండు చిన్న ముక్కలను అల్లము, మిరియములతో వేపుకొనుట అంతకంటె మేలు. మఱికొందఱు మేధావులు ‘లో సోడియం’ ఉప్పు తెచ్చిపెట్టుదురు. అందు సోడియము పీఠమున పొటాషియమే కూర్చుండియుండును, అది రక్తమున మితిమీరెనా గుండెయే లయ తప్పును.

డయాలసిస్ ప్రారంభమైనదా, శాస్త్రము తలక్రిందులగును. అంతదాక నాటుకోడిని వడ్డించినవారే ఇక మాంసము ముట్టరాదని శాసింతురు. రక్తశుద్ధిలో కొంత పోషకసారము కొట్టుకొనిపోవుటచే ఆ రోగికే 60 మొదలు 72 గ్రాముల మాంసకృత్తులు కావలసివచ్చును. తగ్గింపవలసిననాడు పెట్టి, పెట్టవలసిననాడు మాన్పించుట వీరికే చెల్లినది.

1565లో తళ్లికోట యుద్ధమున ఓడి విజయనగర ప్రభువులు పెనుకొండకు రాజధాని తరలించిరి. రక్తపరీక్షలో పొటాషియము పెరిగినప్పుడెల్ల మన పండితులును నాటుకోడి కోటను విడిచి దిష్టి దుర్గమునకు, అదియు కూలిన గ్రహచార దుర్గమునకు తరలిపోదురు. ఓటమి మాత్రము ఒప్పుకొనరు.

పథ్యమునకు పదిమంది సలహాదారులు అక్కరలేదు. రోగి దశను, రక్తపరీక్షను చూచి కొలత చెప్పు వైద్యుడొకడు, ఉప్పుడబ్బాను దాచగల ఇంటిమనిషి యొకరు చాలుదురు. మిగిలినవారు తమ పాండిత్యమును తమ కంచములయందే ప్రదర్శింతురు గాక!