రిబ్బను తెగినా రన్‌వే తెరుచుకోదు

కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయానికి ప్రారంభోత్సవాలు రెండు జరిగాయి. ఎన్నికల ముందు, 2019 జనవరిలో చంద్రబాబు నాయుడు గారు ఒకసారి ప్రారంభించారు. ఎన్నికలయ్యాక, 2021 మార్చి 25న జగన్మోహన్ రెడ్డి గారు ఇంకోసారి ప్రారంభించారు. మార్చి 28న ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. మా కత్తెరే అసలు కత్తెర అని రెండు పార్టీలవాళ్లూ ఎన్నాళ్లైనా వాదించుకోవచ్చు. విమానాన్ని దింపింది మాత్రం ఏ కత్తెరా కాదు. ఆ రెండు వేడుకల మధ్య, 2021 జనవరిలో, ఢిల్లీ నుంచి చడీచప్పుడు లేకుండా వచ్చిన ఒక కాయితం. దానికి దండ వేసిన నాథుడు లేడు. దాంతో సెల్ఫీ దిగినవాడూ లేడు.

ఆ కాయితం పేరు ఏరోడ్రోమ్ లైసెన్సు. ఇచ్చేది డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. ఇది చేతిలో లేనిదే టికెట్లమ్మి జనాన్ని ఎక్కించుకునే షెడ్యూల్డ్ విమానం అక్కడ దిగకూడదని 1937 నాటి విమాన నిబంధనలు చెబుతాయి. ఆ నిబంధనలకు తల్లిలాంటి పాత చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. పేరు తడబడకుండా పలకడానికి మనకింకా కొంత సాధన కావాలి. లైసెన్సు గొడవ మాత్రం ఎక్కడికీ పోలేదు.

మన నాయకుల దృష్టిలో విమానాశ్రయమంటే టెర్మినల్. అద్దాల గోడలు, గ్రానైటు నేల, గుమ్మంలో విగ్రహం, విగ్రహం కింద శిలాఫలకం, ఫలకం మీద పేర్ల వరస, ఆ వరసలో ఎవరు ముందనే పేచీ. లైసెన్సు తనిఖీకి వచ్చిన అధికారికి మన స్థానిక నాయకుడొకాయన ఈ వైభవమంతా తిప్పి చూపిస్తున్నాడనుకోండి.

‘‘గ్రానైటంతా మన జిల్లాదే సార్. ఆ గోడ మీద కొండారెడ్డి బురుజు బొమ్మ చూశారా?’’

‘‘చూశానండీ. గడ్డి ఎప్పుడు కోశారు?’’

‘‘గడ్డా?’’

‘‘రన్‌వే పక్కన గడ్డి. ఎంత ఎత్తుంది? ఎవరు కొలుస్తున్నారు? రిజిస్టరేదీ?’’

నాయకుడు పీఏ వంక చూస్తాడు. పీఏ కాంట్రాక్టరు వంక చూస్తాడు. కాంట్రాక్టరు గడ్డి వంక చూస్తాడు.

గడ్డి చిన్న విషయం కాదు. గడ్డిలో పురుగులుంటాయి, పురుగుల కోసం పిట్టలొస్తాయి, పిట్ట ఇంజన్‌లోకి వెళ్తుంది. ఆపైన ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే గడ్డి ఎవరు కోయాలి, కుక్కలు రాకుండా కంచె ఎవరు చూడాలి, రన్‌వే మీద రాలిన నట్టూ బోల్టూ తెల్లారి ఎవరు ఏరాలి, దీపం మాడిపోతే ఎవరికి చెప్పాలి అన్నవన్నీ రాసిపెట్టుకున్న ఏరోడ్రోమ్ మాన్యువల్ అనే లావుపాటి పుస్తకం ఒకటి ఉండాలి. తనిఖీలో సగం పని, ఆ పుస్తకంలో రాసిందే నేల మీద జరుగుతోందా అని చూడటం. రాతకూ చేతకూ పొంతన ఉండాలట. ఈ షరతు పార్టీల మేనిఫెస్టోలకు పెట్టకపోవడం వాటి అదృష్టం.

తర్వాత అగ్నిమాపకం. అధికారి చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతాడు. సైరన్ మోగుతుంది. మూడు నిమిషాల్లోపు ఫైరింజన్ రన్‌వే మీద ఏ మూలకైనా చేరి నురగ చిమ్మడం మొదలెట్టాలి. రెండు నిమిషాల్లో చేరితే ఇంకా మంచిదంటారు. డ్రైవరు టీకి వెళ్లాడనీ, తాళంచెవి సూపర్వైజరు దగ్గరుందనీ చెబితే గడియారం వినదు. విమానం పొడవునూ ఒడ్డునూ బట్టి ఒకటి నుంచి పది దాకా ఫైర్ కేటగిరీలున్నాయి. ఉన్న బండ్లలో ఒకటి షెడ్డుకెళ్తే కేటగిరీ పడిపోతుంది. పడిపోయిన సంగతి పైలట్లందరికీ తెలిసేలా నోటామ్ ఇవ్వాలి. ఫలానా చోట ఫలానా సదుపాయం ప్రస్తుతానికి లేదని ప్రపంచానికి చాటడం ప్రభుత్వాల స్వభావానికే విరుద్ధం. విమానయానంలో మాత్రం అది రోజువారీ పని.

వాస్తు సిద్ధాంతులకు ఇక్కడ బొత్తిగా గిరాకీ లేదు. రన్‌వే ఎటు చూడాలో గాలి చెబుతుంది. ఏడాది మొత్తంలో కనీసం 95 శాతం సమయమైనా అడ్డగాలి ఇబ్బంది లేకుండా విమానాలు దిగగలగాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో మాట. శంషాబాద్‌లో రన్‌వే చివర్లలో కనిపించే 09, 27 అంకెలు దిక్సూచి చూపే తూర్పు, పడమరలే. ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అన్న ప్రశ్న ఫారంలో లేదు. అలాగే బోర్డు మీద ‘అంతర్జాతీయ’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, అక్కడ దిగే విమానం రెక్కల కొలత మారదు. విమానాశ్రయం కోడు 4సి అంటే 36 మీటర్ల లోపు రెక్కలు. అంతే.

ఇక రన్‌వే చివర. విమానం ఆగకుండా ముందుకెళ్లిపోతే దెబ్బ తగ్గించడానికి ఖాళీ నేల వదలాలి. దాన్ని రెసా అంటారు. 90 మీటర్లు తప్పనిసరి, 240 మీటర్లు సిఫార్సు. మన దగ్గర ఎమ్మెల్యే సిఫార్సు లేఖ పట్టుకెళ్తే తిరుమలలో బ్రేక్ దర్శనమవుతుంది. ఐకావో సిఫార్సుకు ఆ పాటి విలువ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. కొండ నెత్తిన కట్టిన టేబుల్‌టాప్ రన్‌వేల చివర నేల ఉండదు, లోయ ఉంటుంది. 2010 మే 22న మంగళూరులో రన్‌వే దాటి విమానం కిందకు పోయింది. 158 మంది చనిపోయారు. కోళికోడ్‌లో భూమి దొరక్క, రన్‌వేనే 2,700 మీటర్లకు కుదించి, మిగిలిన ముక్కను రెసా అన్నారు. 2020 ఆగస్టు 7 రాత్రి వానలో దిగిన విమానం ఆ ముక్కను కూడా దాటేసింది. పైలట్లిద్దరితో కలిపి 21 మంది పోయారు.

దర్యాప్తు నివేదిక ప్రధాన కారణంగా పైలట్ తప్పిదాన్నే చూపింది. దానితో నాకు పేచీ లేదు. నాకు ఆసక్తి అంతకుముందు ఏడాది నడిచిన కాయితం మీద. 2019 జూలైలో డీజీసీఏ ఆ విమానాశ్రయ డైరెక్టరుకు షోకాజ్ నోటీసిచ్చింది. పగుళ్లున్నాయి, నీళ్లు నిలుస్తున్నాయి, టైర్ల రబ్బరు పేరుకుపోయింది అని. ఆ విమానాశ్రయాన్ని నడిపేది ఏఏఐ, అంటే భారత విమానాశ్రయాల అథారిటీ. నోటీసిచ్చిన డీజీసీఏ, పుచ్చుకున్న ఏఏఐ రెండూ ఒకే మంత్రిత్వ శాఖ నీడలోవే. ఒకే ఇంట్లో ఒక కొడుకు పరీక్ష రాస్తుంటే రెండో కొడుకు పేపరు దిద్దుతున్నట్టు. పైగా పరీక్ష రాసేవాడు ఒకప్పుడు దిద్దేవాడిలో భాగమే. 1986 దాకా దేశీయ విమానాశ్రయాలను నడిపింది కూడా డీజీసీఏనే. అప్పుడు జాతీయ విమానాశ్రయాల అథారిటీ పేరుతో వేరు కాపురం పెట్టించారు. 1995లో దాన్ని ఇంకో సంస్థతో కలిపి ఏఏఐ చేశారు.

అందరి కాయితాలూ అడిగే ఈ డీజీసీఏకు చట్టంలో చాలాకాలం తన పేరిట కాయితం లేదన్న సంగతి చాలామందికి తెలియదు. 2020లో చట్టాన్ని సవరించేదాకా అది మంత్రిత్వ శాఖకు అనుబంధ కార్యాలయం, అంతే. అంతకు ముందు 2014 జనవరిలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ వచ్చి, మన తనిఖీ వ్యవస్థనే తనిఖీ చేసి, రెండో తరగతికి దించేసింది. మళ్లీ మొదటి తరగతి ఎక్కడానికి 2015 ఏప్రిల్ వచ్చింది. ఇప్పుడు చట్టబద్ధత ఉంది, మనుషులు లేరు. మంజూరైన పోస్టుల్లో సగానికి దగ్గరగా ఖాళీ అని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘమే లెక్క తేల్చింది. విమానాశ్రయాలు మాత్రం ఏటా పెరుగుతున్నాయి. స్టాప్‌వాచ్‌లు ఎన్నైనా కొనొచ్చు, పట్టుకోవడానికి చెయ్యి కావాలి కదా.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది 91వ నిబంధన. విమానాశ్రయ కేంద్ర బిందువు నుంచి 10 కిలోమీటర్ల వ్యాసార్ధంలో జంతువులను కోయకూడదు, తోలు వలవకూడదు, రాబందులు వగైరా పక్షులు వాలేలా చెత్త పారేయకూడదు. మీరితే జైలు, భారీ జరిమానా. వృత్తం గీసి చూడండి, 314 చదరపు కిలోమీటర్లు. అక్షరాలా అమలుచేసి ఉంటే, 2008లో శంషాబాద్ తెరిచేదాకా బేగంపేట విమానాశ్రయం చుట్టూ అమీర్‌పేట, సికింద్రాబాద్ అంతటా ఆదివారం మటన్ కొట్టు ముందు క్యూ ఉండేది కాదు. క్యూలో ఎవరెవరు నిలబడ్డారో అడక్కండి. రాబందులైతే పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు దెబ్బకు దేశంలో దాదాపు కనుమరుగై, కొమురం భీం జిల్లా కొండల్లో గూళ్లు కడితే వార్తయింది. ఆ విధంగా నిబంధనలో సగం దానంతటదే అమలైపోయింది. మిగిలిన సగం, అంటే చెత్త, మున్సిపాలిటీలది. ఎయిర్‌పోర్టు డైరెక్టరు అధికారం కంచె దగ్గర ఆగుతుంది, గద్దకు కంచెతో పనిలేదు. కలెక్టరు అధ్యక్షతన సమావేశం పెట్టి, డంపింగ్ యార్డు మార్చాలని తీర్మానించి, సమోసాలు తిని, ఆ ప్లేట్లను అదే యార్డుకు పంపుతారు.

ఇప్పుడు వరంగల్ మామునూరు వంతు. నిజాం కాలపు ఎయిర్‌స్ట్రిప్. 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న శంషాబాద్ ఒప్పందంలోని షరతు ఇన్నాళ్లూ అడ్డం పడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపగానే, ఘనత మాదంటే మాదని రెండు పార్టీల కార్యకర్తలు అక్కడికే వెళ్లి తోసుకున్నారు. గడ్డి కోసింది మేమే అని, ఫైరింజన్ రెండు నిమిషాల్లో నడిపించింది మేమే అని, చెత్తకుప్ప ఎత్తించింది మేమే అని ఫ్లెక్సీ కట్టిన పార్టీ ఇంతవరకు నా కంటపడలేదు. కడితే మొదటి చందా నాదే. కాకపోతే ఆ ఫ్లెక్సీ విమానం దిగే దారిలో, మన అలవాటు ప్రకారం మూడంతస్తుల కటౌట్‌తో కడితే, ముందు ఏఏఐ దగ్గర ఎత్తు ఎన్వోసీ తెచ్చుకోవాలి.