నీలి తెర ముందు నిలబడ్డ చదువు

డిగ్రీ కళాశాలల్లో ఐసీటీ అనబడేది, అంటే సమాచార, ప్రసార సాధనాల తోడుతో సాగే బోధన, మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: తరగతి పైకప్పుకు బిగించిన ప్రొజెక్టర్, బీరువాలో భద్రంగా ఉన్న దాని రిమోట్, ఆ బీరువా తాళంచెవి జేబులో వేసుకుని సెలవు మీద వెళ్ళిన అటెండరు. ఆంధ్రప్రదేశ్‌లోని మాడుగుల, చోడవరం ప్రాంతమైనా మరో మండల కేంద్రమైనా ఈ శాస్త్రం ఒక్కటే. తాళంచెవి దొరికి, రిమోట్‌లో బ్యాటరీలు కూడా ఉన్న శుభదినాన తెర నీలంగా వెలిగి, ‘నో సిగ్నల్’ అనే రెండు మాటలు దాని మీద అటూ ఇటూ తేలుతుంటాయి. ఏళ్ళ తరబడి రసాయనశాస్త్రాన్ని ఒక్క సుద్దముక్కతో అనర్గళంగా చెప్పిన అధ్యాపకుడు కేబుల్ పీకి మళ్ళీ గుచ్చుతాడు, ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వెలిగిస్తాడు. చివరికి వెనక బెంచీ కుర్రవాడు వచ్చి ఏదో మీట నొక్కగానే స్లైడు ప్రత్యక్షమవుతుంది, పీరియడ్ గంట కూడా అప్పుడే మోగుతుంది.

కేవలం విద్య కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరు 20న తెలుగు నేల మీది శ్రీహరికోట నుంచే పంపారు. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరిన చదువు, ల్యాప్‌టాప్‌కూ ప్రొజెక్టర్‌కూ మధ్యనున్న నాలుగడుగుల కేబుల్ దగ్గర చతికిలబడడం మన ప్రత్యేకత.

పాఠం చెప్పడం కంటే చెప్పినట్టు నిరూపించడం ఇప్పుడు పెద్ద పని. కళాశాలలను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ తనిఖీ కోసం జియోట్యాగ్ ఫొటోలు, అంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు ముద్రపడిన ఫొటోలు, దాచిపెట్టాలి. పాఠం విద్యార్థి బుర్రకు ఎక్కిందో లేదో గాని, భూగోళం మీద ఎక్కడ జరిగిందో మాత్రం డిగ్రీలు, నిమిషాలతో సహా తేలిపోతుంది.

అధ్యాపకులను చూసి నవ్వుకోవడం తేలికే. అయితే వాళ్ళ చేతికి వస్తున్న కోర్సుల సంగతీ చూడాలి. 2015-16లో రాష్ట్రంలో ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ పద్ధతి, అంటే బోధన గంటల లెక్కన ప్రతి పేపరుకూ ఒక తూకం కట్టే ఏర్పాటు వచ్చింది. అది ఒంటబట్టేలోగా 2020-21లో నైపుణ్య కోర్సులు, పది నెలల ఇంటర్న్‌షిప్‌తో సవరించిన ప్రణాళిక దిగింది. మరుసటి ఏడు డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమేనన్నారు కాబట్టి, ఇంగ్లీషు స్లైడు చూపించి తెలుగులో విప్పి చెప్పడం అనే మూడో మాధ్యమం తనంతట తానే పుట్టింది. 2023-24లో మూడు సబ్జెక్టుల స్థానంలో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. మిగిలిన రెండు సబ్జెక్టుల వాళ్ళు టైంటేబుల్లో తమ పేర్లు వెతుక్కోవడంతో ఆ ఏడాది గడిచింది.

మాడుగుల హల్వాకైతే గోధుమలు నానాలి, పాలు తీయాలి, ఆ పాలు పులవాలి, అప్పుడే బాణలి ఎక్కాలి; ఏ జీవో కూడా ఆ గడువు తగ్గించలేదు. సిలబస్‌కు ఆపాటి నానుడు కూడా దక్కడం లేదు. ఉన్నత విద్యామండలి పెద్దలు తదుపరి మార్పుకు సంతకం పెట్టేముందు ఒక లెక్క చూసుకోవాలి: 2020-21లో చేరిన మొదటి బ్యాచ్ మూడేళ్ళ చదువు ముగించి బయటికి వచ్చింది 2023లో, ఆ ప్రణాళిక స్థానంలో కొత్తది లోపలికి వచ్చిందీ 2023లోనే.