మిషను లెగట్లేదు: సటీకా తాత్పర్యము

మూలము

“మావయ్యా, కొత్త డిస్కు ఎక్కించేసాను. అన్నీ వచ్చేసాయి. మిషను లెగట్లేదు.”

అవతారిక

మూడు వాక్యముల ఈ గ్రంథము గమ్హరియాలోని ఒక ధర్మకాంటా గదినుండి ఉదయము ఏడు గంటలవేళ నా మేనల్లుని నోట వెడలి ఫోనుద్వారా నా చెవిని బడినది. ధర్మకాంటా యనగా హిందీ దేశమున లారీలను సరుకుతో కూడ తూచెడు పెద్ద కాటా. మనవారు వేబ్రిడ్జి అందురు. తూనికకు ధర్మమను మాటను తగిలించినవాని భాషాభిమానము మెచ్చదగినది, ఆ ధర్మము నాలుగు పాదముల నడచుటయు కుంటుటయు వేరు విషయము. గమ్హరియా యన్నచో, జంషెడ్‌పూరునకు ఖర్కయీ నది యావలి యొడ్డున, ఆదిత్యపురము దాటిన పిదప, హౌరానుండి నాగపురము మీదుగా బొంబాయికి బోవు రైలుదారిపై నున్న యూరు. 2001లో సరాయికెలా-ఖర్సావా జిల్లా యేర్పడినది మొదలు ఆ జిల్లాలోనిది. హిందీవారు గమ్హార్ అనియు, సంస్కృతమున గంభారి యనియు, మనవారు గుమ్మడిటేకు అనియు పిలుచు చెట్టు పేరే ఈ యూరికి వచ్చెనని నా యూహ. దశమూలములలో నొకటైన ఆ వృక్షమును చూడవలెనని నేను రెండు ఆదివారములు తిరిగి, పొగగొట్టములను లెక్కపెట్టుకొని యింటికి వచ్చితిని.

సాక్చీయందు 1912లో ఉక్కు కరగుట మొదలైన పిమ్మట శ్రీకాకుళము, విశాఖ సీమలనుండి రైలెక్కి వచ్చినవారి మనుమలము మేము. బిష్టుపురపు రామమందిరమున ఉగాదినాడు పంచాంగము విందుము, ఇంట తాతలు తెచ్చిన మాట మాటాడుదుము, బజారున హిందీతో నెట్టుకొని వత్తుము. కావున మూలగ్రంథమున ‘లెగట్లేదు’ వంటి ప్రయోగము కానవచ్చినంతమాత్రమున పండితులు నొసలు ముడువరాదు.

కాళిదాసుని వాక్కు దుష్టవ్యాఖ్యలను విషముచే మూర్ఛిల్లినదనియు, దానిని బ్రతికించుటకే తన టీక పుట్టినదనియు చెప్పి కోలాచల మల్లినాథసూరి దానికి సంజీవని యని పేరిడెను. మూర్ఛిల్లిన కంప్యూటరునకు టీక వ్రాయువాడు ఆ పేరును ఒక పూటకు ఎరువు తెచ్చుకొన్నచో ఆయన కోపింపడని నమ్ముచున్నాను. అయితే మూలములేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ఆ మహానుభావుడు చేసిన ప్రతిజ్ఞలో రెండవ సగమును నేను పాటింపజాలను.

ప్రతిపదార్థము

మావయ్యా = ఓ మేనమామా! ఈ సంబుద్ధి యందలి తుది దీర్ఘము, డబ్బు కావలసినప్పుడు మూడు మాత్రలును, పని చెడినప్పుడు రెండు మాత్రలును పలుకును. ఇచ్చట రెండే వినబడినవి.

కొత్త డిస్కు = నూతనమైన 240 జీబీల ఎస్.ఎస్.డి. పాతది 250 జీబీలది. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు పళ్ళెములు గలది. పది సంవత్సరములు ఇనుపధూళి నడుమ పనిచేసి, ఈ మధ్య చలికాలపు ఉదయములందు టిక్కు టిక్కుమని మూలుగ నారంభించినది. అనర్థమునకు బీజము ఈ రెండు సంఖ్యలయందే కలదు. 240 యు 250 యు లోకవ్యవహారమున ఇరుగుపొరుగు సంఖ్యలు; పది రూపాయలకొరకు కూరగాయల బండివాడును పట్టుపట్టడు. యంత్రము పట్టును. పాత డిస్కును నిండుగా క్రొత్తదానిపైకి దింపబోగా, చోటు చాలదని సాఫ్టువేరు మొగము త్రిప్పుకొన్నది. అంతట నా మేనల్లుడు కూడ తక్కువ వాడు గాడు కనుక, డి యను భాగమును కొంత కుదించి, సి, డి యను రెండు భాగములను విడివిడిగా దింపెను. ఈ విడివిడిగా అను క్రియావిశేషణము మూలమున లేదు. నేను మూడుమార్లు గ్రుచ్చి గ్రుచ్చి యడుగగా బయటపడినది.

ఎక్కించేసాను = క్లోను చేసితిని. ఎక్కించుట యను క్రియ లారీకి సరుకునకును, పల్లకికి దేవునకును, రోగికి గ్లూకోసునకును చెల్లుచుండగా ఇప్పుడు డిస్కునకును చెల్లినది. క్లోను అను మాట గ్రీకుభాషలో రెమ్మ యను అర్థముగల పదమునుండి 1903లో ఒక అమెరికా వృక్షశాస్త్రజ్ఞునిచే కల్పింపబడినది. విత్తునుండి గాక, రెమ్మనుండి పెంచిన మొక్కలకు మొదట పెట్టిన పేరది. అనగా మన తోటమాలి ‘అంటు’ అను దానికే అది బట్టతొడిగిన పేరు. విశాఖ సీమలోని సువర్ణరేఖ మామిళ్ళన్నియు ఈ యర్థమున ఒకే చెట్టు; ఆ పేరింటి నదియే మా జంషెడ్‌పూరు ప్రక్కన పారుచుండుట తెలుగువారికి దేవుడు చేసిన యొక చిన్న యుపకారము. అంటు కట్టినంత మాత్రమున తీరదు. క్రింద వేరున్న టెంకమొక్క దానిని పట్టవలెను. పట్టనిచో రెమ్మ ఎంత పచ్చగా నుండినను పది దినములలో వాడును. ఈ మాట ముందు అక్కరకు వచ్చును.

అన్నీ = సమస్తమును. ఈ యొక్క పదమునకే ప్రత్యేకముగా ఒక వ్యాఖ్యానము వ్రాయవలసియున్నది. మేనల్లుడు క్రొత్త డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించి చూడగా, సి యందు విండోస్ 7 కలదు, డి యందు ఐదేండ్ల తూనిక రసీదులు కలవు, అతని పెండ్లి ఫోటోలు సైతము కలవు. కన్నులకు గనబడినదంతయు ఉన్నది గనుక అన్నీ యని పలికినాడు. ఇది చార్వాకుల ప్రమాణము. పాత డిస్కునందు కన్నులకు గనబడని మూడవ భాగ మొకటి కలదు. విండోస్ 7ను ఖాళీ డిస్కుపై ఎక్కించునపుడు ఆ ఏర్పాటు తానే తొలుత 100 ఎంబీల చిన్న తుండును కోసికొని, సిస్టమ్ రిజర్వుడ్ అని పేరిడి, దానికి సి, డి వలె అక్షరమేదియు ఈయక దాచును. కంప్యూటరును నిద్రలేపు బూటు దస్త్రము లన్నియు అందే నివసించును. పెండ్లికి ఊరినెల్ల పిలిచి, అక్షతలు వేయవలసిన పురోహితుని మరచినట్లు, లక్షల దస్త్రములు వచ్చినవి, ఈ వంద ఎంబీలు రాలేదు.

వచ్చేసాయి = స్పష్టము.

మిషను = శ్లేష. ఒక యర్థమున కంప్యూటరు, వేరొక యర్థమున కాటా. లారీ నిలుచు ఇనుపగట్టు క్రింద లోడుసెల్లులు కలవు. అవి భారమును విద్యుత్సంకేతముగా మార్చును. గోడమీది సూచికపై ఎఱ్ఱని అంకెలు వెలుగును. ఏటేట తూనికలశాఖ వారు వచ్చి ముద్ర వేయునది దీనికే. కంప్యూటరు చేయునదల్లా ఆ అంకెలను తీగద్వారా గ్రహించి రసీదు ముద్రించుట. కాబట్టి ఆ యుదయమున తూనిక ఆగలేదు, రసీదు మాత్ర మాగినది. మేనల్లుడు తెల్లకాగితముపై చేత్తో వ్రాసి యిచ్చిన తూకమును ఏ లారీవాడును ముట్టలేదు. స్పాంజి ఐరను నింపుకొన్న బండ్లు పదునొకండు గేటునుండి రోడ్డువరకు నిలిచినవి.

లెగట్లేదు = లేచుటలేదు. కళింగాంధ్రమున లేచు ధాతువు లెగు అగును. నిద్రించినవాడు లెగడు, పడినవాడు లెగడు, పోయినవాడును లెగడు. ఈ మూటిలో నేది యని మూలకర్త చెప్పలేదు. నేను పోయి చూచితిని. నల్లని తెర, ఎడమవైపు మీదిమూలను అడ్డముగా చిన్న తెల్లని గీటు, అది మినుకుమని ఆరుచు, మరల మినుకుమనుచుండెను. దానినుండి నిద్రయే యని నిర్ణయించితిని.

పూర్వపక్షములు

కేబులు వదులైనదని మేనల్లుడు మూడుమార్లు పీకి పెట్టెను. అమరిక చెడినదేమో యని మదర్‌బోర్డుమీది బిళ్ళ బ్యాటరీని తీసి, నోటితో ఊది, చొక్కాకు తుడిచి మరల నుంచెను. ఈ ఊదుటవలన గలుగు ఫలము ఏ శాస్త్రమునను లేదు. ఎదుట టీకొట్టువాడు, చదువుకొన్నవాడగుటచే, అంతయు తుడిచి విండోస్ మరల వేయుమని యుపదేశించెను, ఇది శూన్యవాదము. తూనిక సాఫ్టువేరు సీడీ ఎన్నడో పోయినది గనుక ఈ వాదమును గ్రహించినచో బండ్లు మరునాటి వరకు నిలువవలసి వచ్చెడిది.

సిద్ధాంతము

డిస్కునందలి ప్రథమ ఖండము 512 బైట్లు. అందు 446 బైట్లు లేపువాని మంత్రము, 64 బైట్లు నాలుగు భాగముల జాతకచక్రము, కడపటి రెండు బైట్లు ముద్ర. జాతకచక్రమున ఒక్కొక్క భాగమునకు పదునాఱు బైట్లు. వానిలో మొదటి బైటు, పదునాఱు అంకెల లెక్కలో, 80 యైనచో ఆ భాగము లేపుటకు అర్హము, 00 యైనచో కాదు. పాత డిస్కున ఆ 80 అక్షరములేని తుండునకు ఉండెను. క్రొత్తదానిలో ఆ తుండే లేదు. సి నొసట సున్నయే యుండెను. బయోసు మంత్రమును చదివి, ఎవరిని లేపవలెనో తెలియక, గీటును మినుకుమనిపించుచు కూర్చున్నది. అంటు పచ్చగానే యున్నది, వేరు పట్టలేదు. విండోస్ 7 డీవీడీనుండి మరమ్మతు తెరను పిలిచి, సి భాగమును క్రియాశీలముగా గుర్తించి, బూటు దస్త్రములను దానియందే మరల వ్రాయించితిమి. ఏడు నిమిషముల పని. నాలుగు రంగుల జెండా తెరపై వెలసినది. మేనల్లుడు నాకు టీ చెప్పెను.

పునర్వ్యాఖ్య

టీ వచ్చులోపుగా రెండవ అర్థము తలయెత్తినది. కంప్యూటరు లేచినది, కాటా లెగలేదు. తూనిక సాఫ్టువేరును తెరువగా, లైసెన్సు చెల్లదని యొక చిన్న చతురస్రము వెలువడి, దాని క్రింద ‘సరే’ యను మీట యొక్కటే నిలిచినది. ఆ మీట నొక్కుట తప్ప వేరు గతి లేని చోట ‘సరే’ యని వ్రాయుట యెంతటి నిర్దయ!

భారతమందలి నలోపాఖ్యానమున స్వయంవర మంటపమున ఐదుగురు నలులు ఒకే రూపమున కూర్చుండిరి. దేవతలు నలువురును నలుని రూపమంతయు క్లోను చేసిరి, అన్నీ వచ్చేసినవి. దమయంతి రూపమును చూచుట మానినది. చెమట పట్టువాడెవడు, రెప్ప వేయువాడెవడు, నీడ గలవాడెవడు, ఎవని మాల వాడినది అని చూచినది. మా క్రొత్త డిస్కు దేవతవలె నుండెను: తిరుగదు, వేడెక్కదు, మూలుగదు. పాతది అచ్చమైన నలుడు. తూనిక సాఫ్టువేరు దమయంతికంటె గట్టిది. చెమటను గాక జన్మసంఖ్యను అడిగినది.

ఇచ్చట సీరియలు అను పదము గమనింపదగినది. సూచికనుండి కంప్యూటరునకు వచ్చు తీగ సీరియలు కేబులు, అది క్షేమము. సి భాగమునకు ఫార్మాటు చేయునపుడు పెట్టు సీరియలు నంబరు ఆ భాగపు మొదటి ఖండముననే వ్రాయబడియుండును, కావున క్లోనుతో కూడ వచ్చును. మూడవది డిస్కునకు కర్మాగారమున పెట్టిన సీరియలు నంబరు. ఇరువది యక్షరముల చోటుగల ఈ సంఖ్య చదువదగిన ఏ ఖండమునను లేదు, డిస్కులోని ఫర్మువేరు అడిగినవారికి తానే చెప్పును. ఎంత ఎక్కించినను అది ఎక్కదు. మేనల్లుని ‘అన్నీ’ యందు తొలిసారి వంద ఎంబీలు తగ్గినవి, రెండవసారి ఇరువది యక్షరములు. సాఫ్టువేరు అమ్మినవానిని నేను మనసున రెండు తిట్లు తిట్టితిని గాని, మరల యోచింపగా, అతడు తన సొత్తును మేకునకు గాక గోడకు కట్టినాడు, అంతమాత్రమే.

ఆ అమ్మినవానికి ఫోను చేయగా, క్రొత్త డిస్కు పైనున్న నంబరు చదువుమనెను. మేనల్లుడు డిస్కును ఊడదీసి వెలుతురునకు పట్టి, “బి ఫర్ బొంబాయి, కె ఫర్ కాన్పూర్” అని భారతభూమినెల్ల తీర్థయాత్ర సాగించుచు, నడుమ నొకచోట ఆగినాడు. అచ్చటి గుండ్రని లిపి ఓ యక్షరమా, సున్నయా? పాఠభేదము. నేను ఓ పాఠమును గ్రహించితిని. నా కన్నులమీద నాకున్న విశ్వాసము అట్టిది. ఆ పాఠముతో వచ్చిన తాళపుసంఖ్య చెల్లలేదు. సున్న పాఠముతో మరల ఫోను, మరల తీర్థయాత్ర. పదకొండున్నరకు కాటా లేచినది.

మొదటి లారీ గట్టెక్కినది. ఎఱ్ఱని అంకెలు ఊగి నిలిచినవి, ముద్రణయంత్రము కరకరలాడినది, రసీదు వెలికివచ్చినది. డ్రైవరు టెక్కలివాడు, రసీదును రెండు చేతులతో పట్టుకొని మీదినుండి క్రిందివరకు చదివి, మరల మీదికి పోయి ఆగినాడు. మేనల్లుడు ఊది పెట్టిన బ్యాటరీ సంగతి అప్పుడు నాకు స్మృతికి వచ్చినది. తేదీ 2009 జనవరి 1.

“నానప్పుడు టెక్కలిలో ఆరో క్లాసు సదువుతన్నాను బాబూ, ఈ లారీ ఎలా తోలేను?” అని అతడు రసీదును కిటికీలోనుండి మరల లోపలికి త్రోసెను.